నత్త కొరికితే నాచు ఏం చేస్తుంది: స్వీడన్ తీరంలో నా ఐదు నెలల థీసిస్ అనుభవం

సెప్టెంబర్ 30న థీసిస్ అప్‌లోడ్ చేశాను, అక్టోబర్ 8న ప్రెజెంటేషన్ అయిపోయింది, ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది కాబట్టి అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నా. ఇలాంటి పని మీద ఉన్న పేపర్లలో మెథడ్స్ అని ఒక అరపేజీ ఉంటుంది కదా, ఆ అరపేజీ చేతుల్తో చేస్తే ఎన్ని నెలలు పడుతుందో, ఎక్కడ ఏడుపొస్తుందో ఎవరూ రాయరు. మన పిల్లలెవరైనా ఈ లైన్‌లోకి వస్తే పనికొస్తుందని.

మాది భీమిలి దగ్గర ఊరు, వేటకెళ్ళే ఇల్లు. వైజాగ్‌లో బీఎస్సీ చేసి, లోన్ పెట్టి స్వీడన్‌లో మాస్టర్స్‌కి వచ్చాను. థీసిస్‌కి నేను తీసుకున్నది అస్కోఫిల్లమ్ నోడోసమ్ అనే గోధుమ నాచు. దీన్ని నత్తలు కొరికితే ఇది ఊరుకోదు, ఫ్లోరోటానిన్లు అనే పదార్థాల్ని లోపల పెంచుకుంటుంది. టానిన్ అంటే మనకి కొత్తేం కాదు, జామపిందె కొరికితే, కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే నోరంతా పట్టేస్తుంది చూడండి ఆ వగరు, అదే కుటుంబం. కాకపోతే ఈ రకం గోధుమ నాచుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. నా ప్రశ్న చిన్నదే, నత్త కొరికాక వగరు పెరుగుతుందా, పెరిగితే ఆ నత్త తినడం తగ్గిస్తుందా.

మే 6న తీరంలోని ఫీల్డ్ స్టేషన్‌కి చేరాను, మర్నాడే నాచు కోసుకొచ్చేద్దామనుకున్నా, కానీ ఆరు రోజులు కూర్చోవాల్సొచ్చింది. ఎందుకంటే ఇక్కడ ఆటుపోట్లు ఉన్నాయంటే ఉన్నాయి, ఒక అడుగు కూడా సరిగ్గా తేడా ఉండదు, నీళ్ళు దిగాలంటే చంద్రుడు కాదు వాతావరణం కనికరించాలి. గాలి పీడనం ఎక్కువున్న రోజుల్లో, అదీ గాలి ఒడ్డు నుంచి బయటికి వీస్తుంటే, నీళ్ళు బాగా దిగుతాయి. ఫోన్‌లో నాన్నకి చెప్తే "నీళ్ళు దిగడానికి గాలి కోసం చూడ్డమేటమ్మా" అని ఆశ్చర్యపోయాడు. మే 12 పొద్దున్న దిగాయి. నడుం పైదాకా వచ్చే రబ్బరు సూట్ స్టేషన్ వాళ్ళే ఇచ్చారు, గ్లవ్స్ మాత్రం మనమే కొనుక్కోవాలని నాకెవరూ చెప్పలేదు. నీళ్ళు 11 డిగ్రీలు, అరగంటకి వేళ్ళు మొద్దుబారిపోయి కత్తి పట్టుకోలేకపోయాను, సాయంత్రం బస్సెక్కి టౌన్‌కెళ్ళి 289 క్రోనర్లు పెట్టి గ్లవ్స్ కొన్నా. క్రోనర్‌కి తొమ్మిది రూపాయలు చొప్పున లెక్కేసుకుంటే గుండె గుభేలుమంది కానీ ఆ తర్వాత ఐదు నెలలూ అవే నన్ను కాపాడాయి.

అస్కోఫిల్లమ్‌ని దగ్గర్నుంచి చూస్తే కొమ్మ పొడుగునా కోడిగుడ్డు ఆకారంలో గాలిబుడగలు వరసగా ఉంటాయి, ఏడాదికి ఒక్కటి చొప్పున వేస్తుంది, మొదటి బుడగ రావడానికే కొన్నేళ్ళు పడుతుంది. నేను మొదట పట్టుకున్న కొమ్మకి పదకొండు ఉన్నాయి. అంటే నేను ఇంటర్‌లోకి రాకముందు నుంచి ఆ రాయిని అది పట్టుకుని ఉంది. కత్తి పెట్టబుద్ధి కాలేదు, దాన్ని వదిలేసి ఐదారు బుడగలున్న పక్క కొమ్మలు కోసుకున్నాను, అదీ ఒక్కో మొక్క నుంచి ఒక్కటే.

నత్తలు ఇంకో కథ. నాకు కావాల్సింది లిట్టోరినా ఆబ్టుసాటా, గట్టిగా ఉంటే సెంటీమీటరున్నర, పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో నున్నగా ఉంటుంది, బుడగ పక్కన కూర్చుంటే అదీ ఇంకో బుడగే అనిపిస్తుంది, కళ్ళతో కాకుండా వేళ్ళతో తడుముతూ ఏరాలి. దీనికి అచ్చం కవలల్లాంటి ఇంకో జాతి ఉంది, లిట్టోరినా ఫాబాలిస్, అది ఎక్కువగా ఇంకాస్త కింద వేరే నాచు మీద ఉంటుంది. తొంభై ఏరితే మా గైడ్ భూతద్దం కింద పెట్టి ముప్ఫై దాకా అనుమానంగా ఉన్నాయని పక్కన పెట్టించాడు. అప్పుడు విసుగొచ్చింది, ఇప్పుడు థాంక్స్ చెప్పుకుంటున్నా.

కోసిన నాచుని బకెట్‌లో ఎండలో వదిలేయకండి, గంటలో నీళ్ళు టీ డికాక్షన్‌లా పసుపుగా మారిపోయాయి నాకు, అదంతా గాయంలోంచి కారిన సరుకే. తర్వాత ఒక్కో కొమ్మ మీదున్న చిన్న చిన్న పురుగుల్నీ, పాత నత్తల్నీ, వాటి గుడ్ల ముద్దల్నీ చేత్తో ఏరేయడానికి రెండు రోజులు పట్టింది. ఐదు రోజులు అక్వేరియంలో అలవాటు పడనిచ్చి మే 19న మొదలుపెట్టాం. ఇరవై అక్వేరియంలు, పదింట్లో నాలుగేసి నత్తలు, పదింట్లో ఏమీ లేకుండా ఉత్త నాచు. మొదటి రాత్రే నత్తలు గోడలెక్కి బయటికొచ్చేశాయి, పొద్దున్న వెళ్తే నేల మీద తొమ్మిది దొరికాయి, ఏది ఏ డబ్బాదో తెలీదు. ఆరోజే అన్నిటికీ వల మూత కట్టి కొత్తగా లెక్కపెట్టి వేశాను.

ఇంక నాలుగు వారాలు ఎదురుచూడ్డమే. పొద్దున్న ఉష్ణోగ్రత రాయడం, ఫిల్టర్ కడగడం, చచ్చిన నత్త ఉంటే మార్చడం. ఎందుకు ఇన్ని రోజులు అని నాకూ అనిపించేది. ఒకరోజు కాఫీ టైంలో గైడ్ చెప్పాడు, నాచుల్లోనూ తొందర స్వభావం ఉన్నవి ఉన్నాయి, లామినేరియా డిజిటాటా అని పెద్ద కెల్ప్ ఉంది, దాని సొంత కణాల గోడలో ఉండే ఆల్జినేట్ అనే జిగురు పదార్థం ముక్కలు దానికే తగిలిస్తే నిమిషాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ వదుల్తుందని 2001లో ఫ్రాన్స్‌లోని రాస్కాఫ్‌లో చూపించారు అని. ఎవరో నా గోడ కొరుకుతున్నారు అని తెలిసిపోతుందన్నమాట. అస్కోఫిల్లమ్ అలా కాదు, ఇది వగరు కూడబెట్టాలి, దానికి వారాలు కావాలి. అది విన్నాక ఆ డబ్బాల ముందు నిలబడే తీరే మారిపోయింది నాకు, పైకి ఏమీ కదలకుండా లోపల ఇంత పని జరుగుతోందా అని రోజూ కాసేపు ఊరికే చూస్తూ ఉండేదాన్ని. మైక్రోస్కోప్ కింద కొరికిన చోట చూశాను, గరుకు కాగితంతో ఒకే వైపు గీసినట్టు సన్నటి గాళ్ళు, నత్త నాలుక మీద రంపపు పళ్ళు ఉంటాయి కదా, అవి.

జూన్ 16న కోసి ఫ్రీజర్‌లో పెట్టాను. ఆ వారమే నడి వేసవి పండగ, 20వ తేదీ, ఇక్కడ మనకి సంక్రాంతి లాంటిది, స్టేషన్ మొత్తం ఖాళీ. గడ్డకట్టినదాన్ని అలాగే ఆరబెట్టే మిషన్, ఫ్రీజ్ డ్రైయర్‌కి వెయిటింగ్ ఎలాగూ ఉంది, నా వంతు 25న వచ్చింది, రెండు రోజులు ఆరబెట్టి పొడి కొట్టాను. ఆ పొడికి స్టాటిక్ పట్టి ప్లాస్టిక్ స్పూన్ నుంచి ఎగిరిపోతుంది, 0.2 గ్రాములు తూచడానికి ఒక్కోదానికి పది నిమిషాలు, స్టీల్ స్పూన్ వాడితే ఆ గొడవ లేదని మూడో రోజు తెలిసింది. తర్వాత 60 శాతం అసిటోన్‌లో గంటసేపు చీకట్లో ఊపి, వడకట్టి, అసిటోన్ ఆవిరి చేసి, ఫోలిన్ రియేజెంట్, సోడియం కార్బొనేట్ కలిపితే వగరున్న కొద్దీ నీలం తేలుతుంది, దాన్ని 760 నానోమీటర్ల దగ్గర చదివి, ఫ్లోరోటానిన్లకి మూల పదార్థమైన ఫ్లోరోగ్లూసినాల్‌ని తెలిసిన మోతాదుల్లో కొలిచి గీసుకున్న లైన్‌తో పోల్చాలి.

జూలై 3 సాయంత్రం అంకెలొచ్చాయి. నత్తలున్నవాటిలో ఎండు బరువులో 7.2 శాతం, లేనివాటిలో 6.6. పీ వాల్యూ 0.19. అంటే తేడా ఉందని చెప్పడానికి లేదు. రెండు నెలల పని.

ఆ వారం ఎలా గడిచిందో నిజం చెప్తున్నా. జూలైలో ఇక్కడ దేశం దేశమే సెలవులో ఉంటుంది, గైడ్ కూడా లేడు, స్టేషన్‌లో నేనూ ఇంకో ఇద్దరూ. పదిన్నరకి కూడా వెలుతురు, నిద్ర పట్టేది కాదు. గది అద్దె నెలకి 3,800, లోన్ వడ్డీ అక్కడ నడుస్తోంది, రెసిడెన్స్ పర్మిట్ ఆగస్ట్ చివరితో అయిపోతుంది. ఇంటికి ఫోన్ చేసి ఏమీ చెప్పకుండా ఏడ్చాను. అమ్మ కంగారుపడి తాతకిచ్చింది. తాతకి సైన్స్ తెలీదు, "ఏటమ్మా పోయింది" అన్నాడు. నాచులో వగరు పెరగలేదు తాతా అన్నాను. అప్పుడు ఆయన తన వయసులో నూలు వలల్ని తుమ్మ చెక్క కషాయంలో ఎలా నానేసేవారో మొదలుపెట్టాడు, ఆ ఒగరు పడితేనే వల నీళ్ళలో కుళ్ళదట, రంగు చూసి పట్టిందో లేదో చెప్పేసేవారట. "ఒక గోళెంలో నానేసిన నీళ్ళు ఇంకో గోళెంలో పోస్తే అందులో వలకీ ఎంతో కొంత పడుద్దమ్మా" అన్నాడు, ఆయన మామూలుగా మాట్లాడుతున్నాడు, నాకు ఆ రాత్రి ఏమీ తట్టలేదు.

జూలై 11న డబ్బాలు కడుగుతుంటే తట్టింది. మా పంపు పాతది, ఇరవై డబ్బాలకి విడివిడిగా నీళ్ళు ఇవ్వలేదని ఐదు వరసలు చేసి, ఒక్కో వరసలో నాలుగు డబ్బాల్ని ఒకదాని తర్వాత ఒకటి కలిపారు, మొదటిదాంట్లోంచి పొర్లిన నీళ్ళు రెండోదానికి, అలా. నేనూ సరే అన్నాను. అంటే నత్తలున్న డబ్బా నీళ్ళు ఉత్త నాచు డబ్బాలోకి వెళ్తున్నాయి. నోట్‌బుక్ తీసి ఎవరెక్కడ ఉన్నారో గీశాను. పది ఉత్త డబ్బాల్లో మూడు మాత్రమే నత్తల నీళ్ళు తగలకుండా వరసకి ముందున్నాయి. ఆ మూడింటి అంకెలు 5.5, 5.6, 5.7. మిగతా ఏడింటి సగటు 7.0. పెన్ను కింద పెట్టేసి బయటికొచ్చి రాళ్ళ మీద కూర్చున్నా, ఒళ్ళంతా జివ్వుమంది.

ఎందుకంటే ఇది కొత్త విషయం కాదు. కొరికిన అస్కోఫిల్లమ్ మీదుగా వచ్చిన నీళ్ళు తగిలితే పక్కన కొరకని మొక్క కూడా వగరు పెంచుకుంటుందని, నత్తలకి రుచించకుండా పోతుందని గునిల్లా తోత్, హెన్రిక్ పావియా 2000లోనే ఈ స్వీడన్ నాచు మీదే చూపించారు. ఆ పేపర్ నేను జనవరిలో చదివాను, నా ఇంట్రడక్షన్‌లో దాని మీద పేరా కూడా ఉంది. చదవడం వేరు, మన పైపులో నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకోవడం వేరు. ఈ రకం ప్రయోగం పెట్టేవాళ్ళకి నేను బతిమాలి చెప్పేది ఇదొక్కటే, ప్రతి డబ్బాకీ నీళ్ళు విడిగా రావాలి, విడిగా పోవాలి, పంపు చాలకపోతే డబ్బాలు తగ్గించుకోండి.

గైడ్‌కి మెయిల్ పెడితే సెలవులో ఉండి కూడా రెండు రోజుల్లో జవాబిచ్చాడు, మూడు డబ్బాలతో ఏమీ తేల్చలేం, మళ్ళీ చెయ్, ఈసారి ఆ అనుమానాన్నే ప్రశ్నగా పెట్టు, ఇంకో గుంపులో కత్తెరతో కూడా కొయ్ అని. గడువు సెప్టెంబర్ 30కి జరిపించాడు. పర్మిట్ పొడిగింపుకి 1,500 క్రోనర్లు కట్టాను. ఈసారి నీళ్ళు విడివిడిగా పంచడానికి సన్న పైపులు, చిన్న ట్యాప్‌లు నేనే కొన్నా, 640. ఒక్కో ట్యాప్‌లోంచి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వస్తున్నాయో కొలిచి సరిచెయ్యడానికే రెండు రోజులు.

జూలై 21, 22 మళ్ళీ కోత, 28న మొదలు. ఇరవై ఎనిమిది డబ్బాలు, నాలుగు గుంపులు, ఏడేసి. ఉత్త నాచు ఒకటి, నత్తలున్నది ఒకటి, ఆ నత్తల డబ్బా నుంచి నీళ్ళు మాత్రమే అందేది ఒకటి, మూడు రోజులకోసారి నత్తలు తిన్నంతే అంచనాగా నేను కత్తెరతో కోసేది ఒకటి. ఆగస్ట్ 9 రాత్రి పంపు ఆగిపోయింది. మూడింటికి అలారం మోగితే పరుగెత్తాను, నాలుగు గంటలు నీళ్ళు లేవు, గాలి గొట్టాలు వేరే లైన్ మీద ఉండబట్టి అన్నీ బతికాయి. ఆ తర్వాత నాకు నిద్రే లేదు, రోజూ రాత్రి ఒకసారి వెళ్ళి చూసేదాన్ని.

ఆగస్ట్ 25న కోత. సగం ఫ్రీజర్‌కి, కొంత తిండి పరీక్షకి. పద్నాలుగు జాడీలు, ఒక్కోదాంట్లో ఒకే బరువున్న రెండు ముక్కలు, ఒకటి ఉత్త నాచుది, ఒకటి కొరికించినదానిది, తెల్ల దారం, నల్ల దారం కట్టి గుర్తు. ఒడ్డు నుంచి తెచ్చిన కొత్త నత్తల్ని వదిలి నాలుగు రోజులు. ఇంకో పద్నాలుగు జాడీలు నత్తల్లేకుండా, ఎందుకంటే నాచు దానంతటదే బరువు మారుతుంది, అది తీసెయ్యాలి. తూచే ముందు టిష్యూతో ప్రతి ముక్కనీ సరిగ్గా పది సెకన్లు అద్దాలి, ఒకసారి గట్టిగా ఒకసారి మెల్లిగా అద్దితే తేడా నత్త తిన్నదానికన్నా ఎక్కువొస్తుంది, ముందురోజు నేను వాడేసే ముక్కల మీద ప్రాక్టీస్ చేశాను. మూడో జాడీలో పసుపు నత్త ఒకటి ముందు నల్ల దారం ముక్క ఎక్కింది, కాసేపు తల ఆడించింది, దిగింది, జాడీ అడుగున పాకి తెల్ల దారం ముక్క మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఒక్క నత్త ఏమీ రుజువు చెయ్యదు, తెలుసు, అయినా నేను కుర్చీ లాక్కుని గంటసేపు అక్కడే కూర్చున్నా. 29న తూస్తే పద్నాలుగులో పదకొండు జాడీల్లో ఉత్త నాచునే ఎక్కువ తిన్నాయి.

సెప్టెంబర్ 1 నుంచి 5 దాకా కెమిస్ట్రీ. ఫోలిన్ పసుపు, అందులో నాచు రసం పోసి కార్బొనేట్ కలపగానే ముందు బూడిదరంగు తిరిగి, అక్కణ్ణుంచి నీలం మెల్లిగా ముదురుతుంది, చీకట్లో పెట్టి టైమరు ఆన్ చేశాను. తలుపు తీసేసరికి మిషన్ అక్కర్లేకుండానే తెలిసిపోయింది, ర్యాక్‌లో ఎడమ రెండు వరసలు లేతగా, కుడి రెండు వరసలు ముదురుగా ఉన్నాయి. ఉత్త నాచు 5.6, కత్తెర 5.7, నత్తలు 7.3, నత్తల నీళ్ళు మాత్రమే తగిలినవి 6.9. సీజన్ మారింది కాబట్టి మొదటి రౌండ్ అంకెలతో వీటిని కలపకూడదు, నేను థీసిస్‌లో రెండూ విడివిడిగానే పెట్టాను, మొదటి రౌండ్‌ని దాచలేదు.

కత్తెర అంకె చూసి నాకు అన్నిటికన్నా ఆనందం వేసింది. నత్తలు తిన్నంత నేనూ కోశాను, నాచుకి లెక్కలేదు. ప్రెజెంటేషన్‌లో అడిగిన మొదటి ప్రశ్న అదే, గాయం గాయమే కదా తేడా ఎలా తెలుస్తుంది అని. 2007లో ఇంగ్లండ్‌లో చేసిన పని చెప్పాను, ఈ నత్త ఉమ్ములో ఆల్ఫా అమైలేజ్ ఎంజైమ్ ఉంటుంది, ఆ ఎంజైమ్‌ని గాయానికి తగిలిస్తేనే అస్కోఫిల్లమ్ నత్తకి రుచించకుండా తయారైంది. అంటే పదును కాదు ఉమ్ము పసిగడుతోంది. రెండో ప్రశ్న గట్టిది, ఫోలిన్ టెస్ట్ ఫ్లోరోటానిన్లనే కొలుస్తుందని గ్యారంటీ ఏంటి, ఇంకేదైనా కూడా నీలం ఇవ్వొచ్చు కదా అని. ఇవ్వొచ్చు, ఒప్పుకున్నాను, అందుకే తిండి పరీక్ష కూడా పెట్టానని చెప్పాను. మీరు ఈ పని చేస్తే ఆ ప్రశ్నకి ముందే సిద్ధంగా ఉండండి, తప్పకుండా వస్తుంది.

సెప్టెంబర్ 6న నత్తల్ని తీసుకెళ్ళి అదే రాళ్ళ దగ్గర వదిలాను. చివరి డబ్బా ఖాళీ చేస్తుంటే కొమ్మ చీలిక దగ్గర జిగురు ముద్ద ఒకటి, లోపల తెల్లటి చుక్కలు, గుడ్లు. మేలో ఇలాంటివే ఏరి పారేశాను. ఈసారి కొమ్మతో సహా తీసుకెళ్ళి పదకొండు బుడగల మొక్క మొదట్లో, నీడలో, రాళ్ళ సందున ఇరికించి వచ్చాను.

మొత్తం ఖర్చు, గది, బస్సు, పైపులు, గ్లవ్స్, పర్మిట్ కలిపి ఐదు నెలలకి తిండి కాకుండా 23,000 క్రోనర్ల పైచిలుకు, అందులో రెండో రౌండ్ వల్ల పెరిగింది పదివేలకి దగ్గర. పర్మిట్ జవాబు ఇంకా రాలేదు.

టెస్ట్‌ట్యూబుల ర్యాక్ ఫోటో ఆరోజే నాన్నకి పంపాను, ఆయన తాతకి చూపించాడు. వీడియో కాల్‌లో తాత ఫోన్‌ని కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "ఒగరెక్కువున్నది ఏదమ్మా, ఈ ముదురు రంగుదేనా" అని అడిగాడు. అవును తాతా అన్నాను.